తపసి బంక

ఉరాడే సారు నాగపూర్ నుంచి
నాలుగు గ్లౌజులు, రెండు బ్యాట్లు, ఆరు బంతులు
సంచిల ఏసుకొని సిరొంచల బస్సు దిగిన రోజు
అందరడిగింది ఒక్కటే: "క్రికెట్టుకేమైంది సారూ?"
"క్రికెట్టుకు లైను పెద్దది.
బేస్‌బాల్‌కు మనమే లైను" అన్నడు.
సర్టిఫికెట్టుంటే పదోతరగతిల మార్కులు కలుస్తయట,
పోలీసు భర్తీల పేరు పైకొస్తదట.
ప్రాణహిత ఎండిన ఇసుకల
యూరియా సంచులు నింపి బేసులు పెట్టుకున్నం.

సడవలి పిచ్చరు, నేను క్యాచరు.
వాడు విసిరేది లోకమంతా పక్కనుంచి చూస్తది,
నేనొక్కన్నే ఎదురుంగ చూస్త.

వాళ్ళవ్వ పోచక్క అడివికి పోయి
తపసి చెట్టుకు గాటు పెట్టి వస్తది.
నాలుగొద్దులాగి మళ్ళ పోయి
కారి గడ్డకట్టిన బంక గీక్కొస్తది.
తెల్లది ఒక కుప్ప, ఎర్రది ఒక కుప్ప,
బెరడంటుకున్న నల్లది ఇంకో కుప్ప,
బడికి రాకముందు ఏరేది వీడే.
బంకల ఇసుక కలుపుతదని సేటు అంటడు.
సేటు తరాజు గురించి పోచక్క ఏమంటదో
ఇక్కడ రాయరాదు.
వాని వేళ్ళు సబ్బుకు లొంగవు.
భుజమ్మీద చెయ్యేస్తే
అంగీ కొంచెంసేపు వదలదు.

మొదట వానికీ తెల్వదు.
కొత్త బంతి మా అందరికీ జారింది,
వానికి జారలే, అంతే.
చేతిల నుంచి పోయేముందు
చివరి వేలు దాన్నొక్క రెప్పపాటు ఆపేది.
బ్యాటు దాక తిన్నగ వచ్చి
ఇంట్ల ఏదో మరిచినట్టు
కిందికి వంగేది.

నాకు చప్పుడుతోని తెలిసింది.
ఎవరి బంతైనా గ్లౌజుల పడితే ఠప్పుమంటది.
వానిది ఠ దగ్గరే ఆగేది.
తీద్దామంటే తోలు ఇయ్యకపోయేది.
ఒకనాడు ముక్కు దగ్గర పెట్టుకొని చూసిన,
పుల్లగ, చెట్టు పుండు వాసన.
వాడు నా దిక్కే చూస్తున్నడు.
నేను బంతిని ప్యాంటుకు తుడిచి
వాపసు విసిరిన.
గదే నా సంతకం.

గడ్చిరోలి పోటీల నాటికి
వాని జేబుల చింతగింజంత ఉండ,
ఉమ్మి తగిలితే లేస్తది.
తెల్వక అయ్యేది తెలిసి చేసుడు ఎప్పుడయిందో
మేమిద్దరం తారీకు రాసి పెట్టుకోలే.

సెమీఫైనల్ల అంపైరు ఆట ఆపి
"హాత్ దాఖవ్" అన్నడు.
రేషన్ దుకాణంల వేలిముద్రకు చాపినట్టు
సడవలి రెండు చేతులు చాపిండు.
అంపైరు బొటనవేలితో ఒత్తి చూసిండు,
తన వేలు తను తీసుకునేటందుకు
కొంచెం గుంజవలసొచ్చింది.
"హే కాయ్?"
సడవలికి మరాఠీ పరీక్ష రాసేటంత వచ్చు,
అబద్ధమాడేటంత రాదు.
తెలుగుల అన్నడు, "మా అవ్వ పని సార్."
అంపైరు నా మొకం చూసిండు.

నేను మరాఠీల చెప్పిన,
మాటకు మాట, అవ్వకు ఆయి, పనికి కామ్.
జేబు సంగతి అందులో లేదు,
వాడు అనలేదు గద.

తడిగుడ్డ తెప్పించిన్రు, కిరసనాయిలు తెప్పించిన్రు,
రుద్ది రుద్ది చెయ్యి ఎర్రగ చేసి
"ఖేళ్" అన్నరు.
తల్లి వాసన పోయిన చేతితో
వాడు విసిరిన మొదటి బంతి
బ్యాటరును దాటి, నన్ను దాటి, వెనక జాలీ మీదికెళ్ళి
ఎండల బస్టాండు దిక్కు పోయింది.
తేవడానికి ఎవ్వరూ ఉరకలే.

ఓడిపోయినం.
పాల్గొన్నందుకు సర్టిఫికెట్లు వచ్చినయి,
సడవలి పేరు తప్పుపడింది, సదావలీ అని.

గ్లౌజు నా దగ్గరే ఉంది.
సారు అడగలే, నేనియ్యలే.
వానకాలం గోడకు తగిలిస్తే
అరచేయి కాడ మెత్తబడతది.
మొన్న దాని మీద ఈగ వాలింది.
ఒక కాలు లాక్కుంది,
ఇంకో కాలు లాక్కుంది,
మూడోది లాక్కునేదాక
నేను పనంతా ఆపి చూసిన.